పలకకెక్కని పిలుపు

సాయంత్రం నాలుగూ పదికి నా భార్య వంటింటి వెనక తలుపు దగ్గర నిలబడి నన్ను పిలిచింది. అప్పుడే కారు షెడ్డులో పెట్టాను. ఇంజను ఆపేముందు గడియారం చూడడం డ్రైవర్లకు అలవాటు, అందుకే ఆ టైము గుర్తుంది. డిక్కీలో ఉన్న బియ్యం బస్తా లోపలికి తెమ్మని పిలిచింది. రోజూ పిలిచే పిలుపే. "ఇదో" అంది.

మా కడప వైపు ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. కొందరు పిల్లల పేరు చెప్పి ఫలానా వాళ్ళ నాయనా అంటారు. మాకు పిల్లలు లేరు. పెళ్ళయిన మొదటి వారం నుంచి నేను ఆమెకు "ఇదో"నే. ఆ సాయంత్రం ఆ మాటలో రెండో అక్షరం వినపడలేదు. "ఇ" తరువాత గాలి మాత్రం వచ్చింది.

"గొంతు ఏమైంది?" అన్నాను.

"ఏసీ గాలికి పట్టుకునిందిలే. బస్తా ఫ్రిజ్జు పక్కన పెట్టు."

కువైట్‌లో ఎవరి గొంతు పట్టుకున్నా ఏసీ మీదే వేస్తారు. మేమూ మూడు నెలలు దాని మీదే వేశాం.

మేమిద్దరం ఒకే ఇంట్లో పనిచేసేవాళ్ళం. ఆమె వంట, నేను కారు. ఇంటావిడను అందరిలాగే ఆమె "మామా" అనేది, ఆమెను చూసి నేనూ అదే అనేవాణ్ణి. కారు షెడ్డు వెనక మాకొక గది ఉండేది. కువైట్‌కు రాకముందు నేను కడపలో ఐటీఐ చదివి, రాయచోటిలో రేడియోలు, టీవీలు బాగుచేశాను. బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోయాక డ్రైవరుగా ఇక్కడికి వచ్చాను. డ్రైవరు పనిలో నడపడం కన్నా ఎదురుచూడడం ఎక్కువ. ఆ ఎదురుచూపంతా స్టీరింగు మీద పుస్తకం పెట్టుకుని చదివాను. ఊరి నుంచి వచ్చేవాళ్ళను పచ్చళ్ళు తెమ్మని అందరూ అడిగితే, నేను పుస్తకాలు అడిగేవాణ్ణి. నా భార్య నవ్వేది. "ఊరగాయైతే పది మందీ తింటారు, అదెవురు తింటారబ్బా" అనేది.

చివరికి మామానే ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. రెండు వారాలు పరీక్షలు చేశారు. స్వరపేటిక తీసేయాలని డాక్టరు చెప్పాడు. మెడ కింద చిన్న రంధ్రం ఉంటుంది, ఊపిరి అక్కడినుంచే. మాట ఉండదు. గాయం మానాక, అన్నీ బాగుంటే, మాట్లాడడానికి ఏదైనా అమర్చవచ్చు, అది తరువాత చూద్దాం అన్నాడు. ఆపరేషనుకు పద్దెనిమిది రోజులు టైమిచ్చారు.

కారులో తిరిగి వస్తున్నప్పుడు ఆమె ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"మరి అక్కతో ఎట్ల మాట్లాడేది?"

వాళ్ళక్క రాయచోటి దగ్గర ఒక పల్లెలో ఉంది. అక్కకు చదువు రాదు. రాసి పంపితే చదవలేదు. ప్రతి సాయంత్రం ఇద్దరూ ఫోనులో మాట్లాడుకునేవాళ్ళు. ఏం వండినారు, ఎవరు వచ్చినారు, గొర్రె ఈనిందా లేదా. అందులో విషయం పెద్దగా ఉండదు. కానీ మేము కువైట్‌కు వచ్చిన పంతొమ్మిదేళ్ళలో ఆ ఫోను తప్పిన రోజులు నాకు తెలిసి చాలా తక్కువ.

మామా తన పాత ట్యాబ్లెట్ ఒకటి ఇచ్చింది. అందులో రాసింది చదివి వినిపించే ప్రోగ్రాం ఉంది. తెలుగు కూడా ఉంది. నేను "నీళ్ళు కావాలి" అని కొట్టాను. ఒక ఆడగొంతు చాలా స్పష్టంగా, ఒక్కో అక్షరమూ విడదీసి చదివింది.

నా భార్య ఆ తెర వంక చూసింది. అప్పటికి ఆమె మాట గుసగుసకు దిగింది, అప్పుడప్పుడు మాత్రమే గొంతు పలికేది.

"ఎవురబ్బా ఈమె? కలెక్టరా?"

"నీ బదులు మాట్లాడుతుంది."

"ఈమె మాట్లాడితే మా యక్క లేసి నిలబడతాది. నాకు వద్దు."

ఆ మాట షువైఖ్ గ్యారేజీల్లో పనిచేసే నా స్నేహితుడికి చెప్పాను. అతను కోనసీమవాడు, నాకన్నా పదేళ్ళు చిన్న, అబ్బాసియాలో నలుగురితో కలిసి గదిలో ఉండేవాడు. గ్యారేజీలో కార్లకు తెరలు, కెమెరాలు బిగించడం అతని పని. మామా కారు బాగుచేయించడానికి వెళ్ళి వెళ్ళి స్నేహమైంది. చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"కొన్నదాన్లో వాడు పెట్టిందే వినాలండి. మనమే చేసేద్దాం అన్నగారూ."

"ఏం చేసేది?"

ఫోను తీసి చూపించాడు. ఎక్కడో ఎవరో, ఒకే ఒక చిన్న బోర్డు మీద నడిచే కంప్యూటరు చుట్టూ ట్యాబ్లెట్ ఎలా కట్టుకోవాలో బొమ్మలు, కొలతలు, ప్రోగ్రాముతో సహా నెట్‌లో పెట్టాడు. ఎవరైనా చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది మళ్ళీ నలుగురికీ ఇవ్వచ్చు.

"వదినగారి గొంతు ఇంకా కొంచెం ఉంది కదండీ. ఇప్పుడే రికార్డు చేసేసుకుందాం. ఒక్కో బటన్‌కీ ఒక్కో మాట. నొక్కితే ఆవిడ గొంతే పలుకుద్ది."

ఇప్పుడు ఆలోచిస్తే, దానికి పాత ఫోను ఒకటి చాలేది. మాటలు రికార్డు చేసి అందులో పెట్టుకుంటే సరిపోయేది. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ నా ముందు పద్దెనిమిది రోజులున్నాయి. ఆమె వంటింట్లో పని చేస్తూనే ఉంది, నేను ఆమెను చూస్తూ ఊరికే కూర్చోలేను. పెద్ద పని కావాలి అనిపించింది.

బోర్డు పేకముక్కల పెట్టె అంత ఉంది. ఏడంగుళాల టచ్ తెర, రెండు లిథియం సెల్లులు, వాటిని ఛార్జి చేసే చిన్న బోర్డు ఇంకొకటి, అగ్గిపెట్టె అంత స్పీకరు. అన్నీ చేరడానికి ఆరు రోజులు పట్టింది. మూడు నాళ్ళు రేయింబవళ్ళు అని చెప్పుకోవడానికేమీ లేదు. మధ్యాహ్నం మామా నిద్రపోయే రెండు గంటలూ, శుక్రవారం పూటా పని చేశాను. నా చేతులకు టంకం పెట్టడం ఇంకా గుర్తుంది. కళ్ళకు మాత్రం అద్దాలు కావలసివచ్చాయి.

"ఏం జేస్తాండావు రోజూ?" అంది ఆమె ఒక మధ్యాహ్నం మంచం మీద నుంచి.

"నీకు ట్యాబ్లెట్ చేస్తాండా."

"మాత్రలా? ఆస్పత్రోళ్ళు ఇస్తారు కదా."

ఆమె నిజంగానే అనుకుందో, నన్ను ఆటపట్టించిందో అప్పుడు తెలియలేదు. నెట్‌లో ఉన్న కొలతల ప్రకారం పెట్టెను ప్లాస్టిక్‌తో అచ్చుపోసే యంత్రం కావాలి. అది మా దగ్గర లేదు. అల్ రాయ్ షాపుల్లో చేసిచ్చేవాళ్ళున్నారు గానీ వారం పడుతుందన్నారు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి, కూరగాయలు తరిగే తెల్లటి ప్లాస్టిక్ పలక తెచ్చి నా ముందు పెట్టింది. మామా కొత్తది తెప్పించాక పక్కన పడేసింది అది. నిండా కత్తి గాట్లు.

"ఇది కోసుకో. పలకకు పలక."

అప్పటినుంచి దాని పేరు పలక. రంపంతో సులువుగానే తెగింది. వెనక వైపు గాట్లు అలాగే ఉంచాను. చెయ్యి జారకుండా పనికొచ్చాయి.

తెర వెలిగాక రెండు ఇబ్బందులు వచ్చాయి. కరెంటు తక్కువైతే తెర మూల చిన్న మెరుపు గుర్తు వచ్చేది, స్పీకరు గరగరమనేది. సన్నటి తీగ తీసేసి లావుది వేశాక పోయింది. రెండోది తెలుగు. బటన్ల మీద రాసిన మాటల్లో ఒత్తులు కిందికి దిగకుండా పక్కన నిలబడ్డాయి. "అక్కా" అని రాస్తే "అక్" ఒకచోట, "కా" ఒకచోట. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి చదివింది.

"మా యక్కను రెండు తునకలు చేసినావు కదప్పా."

కోనసీమ అబ్బాయి రెండు పూటలు కూర్చుని దాన్ని సరిచేశాడు. సరయ్యాక ఆమెకు చూపించి, "కలిపేశానండి వదినగారూ, అక్కగారు ఒక్కటైపోయారు" అన్నాడు.

"మీ గోదారోళ్ళకు అతుకుపెట్టేది బాగా వచ్చబ్బీ" అంది ఆమె.

ఇక రికార్డింగ్. గదిలో ఏసీ రొద. ఏసీ ఆపితే వీధిలోని జనరేటరు రొద. అద్దాలన్నీ ఎత్తేస్తే కారు లోపలే నిశ్శబ్దంగా ఉంటుందని తేలింది. అయితే ఇంజను ఆపాలి. జూన్ నెల. షెడ్డు నీడలో కూడా ఐదారు నిమిషాల కంటే కూర్చోలేం. ఐదు నిమిషాలు రికార్డు చేసి, తలుపులు తీసి, నీళ్ళు తాగి, మళ్ళీ కూర్చునేవాళ్ళం. ఆమె ముందు సీటులో, మైకు ఆమె గడ్డం కింద. నేను పక్కన. కోనసీమ అబ్బాయి వెనక సీటులో ల్యాప్‌టాప్‌తో.

మొత్తం నలభై బటన్లు. ఏ నలభై మాటలు కావాలో ముందే రాసుకురమ్మన్నాను. ఆమె రాసుకురాలేదు. మొదటి మాట ఏమిటంటే, "జేన్ మామా" అంది. సరే మామా అని. రెండోది "ఖలాస్ మామా". పని అయిపోయింది అని.

"మళ్ళీ వంటకు పోతావా నువ్వు?" అన్నాను.

"పోకుంటే ఏం జేస్తా?"

తరువాత ఉప్పు, చాలు, నీళ్ళు, నొప్పి, పక్కకు తిప్పు, ఫ్యాను వేయి. తరువాత వాళ్ళక్క కోసం. అక్కా, బాగుండా, తిన్నావా, ఇంటికి ఎప్పుడొస్తానో తెలీదు, గొర్రె ఈనిందా. ఒక్కోదానికి మూడు నాలుగు సార్లు చెప్పాల్సివచ్చింది, గొంతు పలికి పలకక. తరువాత తిండి. అందులో దోసె వచ్చింది.

"దోసె ఎందుకు?"

"తినబుద్ధయితే?"

"ఆపరేషనయ్యాక దోసె తినగలవా?"

"తినకపోతే అడగను గూడా అడగకూడదా?"

వెనక సీటులో అబ్బాయి నవ్వు ఆపుకుంటున్నాడు. దోసె ఎక్కింది.

ప్రతిసారీ మైకు వేయగానే ఆమె ముందు నన్ను పిలిచేది. "ఇదో, చెప్పేదా?" అనేది. లేదా "ఇదో, తలుపు తీ, ఉడికిపోతాండా" అనేది. ఆ తరువాత అసలు మాట. నేను మధ్యాహ్నాలు కూర్చుని ఆ ముందు మాటలన్నీ కత్తిరించాను. బటన్ నొక్కితే మాట ఒక్కటే శుభ్రంగా రావాలి. కత్తిరించిన ముక్కలు ఉంచలేదు. కార్డులో చోటు తక్కువ, పైగా నాకు శుభ్రం అలవాటు. రేడియో విప్పితే లోపలి దుమ్ము తుడవకుండా మూసేవాణ్ణి కాదు.

ముప్పైతొమ్మిది అయ్యాయి.

"ఇంకోటి ఖాళీ ఉందండి వదినగారూ. ఏం పెడదాం?"

ఆమె నా వంక చూసింది.

"నీ మొగం" అంది.

"అదేంటండీ?"

"అదే. ఈయన పుస్తకం పట్టుకుని పలకనప్పుడు నొక్కుతా."

మొదటిసారికే బాగా వచ్చింది. మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది. నలభై బటన్లు నిండాయి. నాకు ఆ రోజు సంతోషంగా కూడా ఉంది.

ఆపరేషను అయింది. నాలుగో రోజు ఆమె దిండుకు ఆనుకుని కూర్చుంది. ముక్కులోంచి గొట్టం, మెడ మీద గుడ్డ. పలక ఆమె ఒళ్ళో పెట్టాను. నోటితో ఏమీ ఇవ్వకూడదని, పది రోజులు నీటిచుక్క కూడా పనికిరాదని నర్సు చెప్పింది. మలయాళీ అమ్మాయి, హిందీలో రెండు సార్లు చెప్పింది.

నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. పలక పలికింది.

"నీళ్ళు."

ఆమె గొంతే. కారులో, జూన్ వేడిలో చెప్పిన మాట. దగ్గరికి వెళ్ళాను.

"నీళ్ళు ఇవ్వకూడదంట. ఇంకా ఆరు రోజులు" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. నేను మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. మళ్ళీ "నీళ్ళు".

"పెదాలు తడపమంటావా?" అన్నాను. దూది తడిపి తెచ్చాను. ఆమె నా చెయ్యి పక్కకు తోసింది. విసుగ్గా చూసింది. పలక అంతా వెతికింది, ఒక పేజీ, ఇంకో పేజీ, ఐదు పేజీలూ. మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది. "నీళ్ళు" నొక్కి, వేలు నా వైపు చూపించింది. మంచం కిందికి జారిన తన శాలువా వైపు చూపించింది. మళ్ళీ నొక్కి, మళ్ళీ నన్ను చూపించింది.

ఆమెకు నీళ్ళు అక్కరలేదు. నన్ను పిలుస్తోంది. పిలవడానికి మాట లేదు. నలభై మాటల్లో ఉప్పుంది, దోసె ఉంది, గొర్రె ఈనడం ఉంది. రోజుకు యాభై సార్లు అనే మాట లేదు. అది ఒక మాట అని మా ఇద్దరికీ ఎప్పుడూ తోచలేదు. "నీళ్ళు" బటన్ పెద్దది, మొదటి పేజీలో కుడి మూల ఉంది, వేలికి అందుతుంది. అందుకని అది నొక్కింది.

శాలువా తీసి కప్పాను. ఆమె "చాలు" నొక్కింది.

ఆ సాయంత్రం షువైఖ్‌కు వెళ్ళాను. అబ్బాయి ఒక కారు డ్యాష్‌బోర్డు కింద దూరి ఉన్నాడు. విషయం చెప్పాను. బయటికి వచ్చి నేల మీదే కూర్చున్నాడు.

"ఆ కత్తిరించిన ముక్కలు ఉంచలేదా అండీ?"

"లేదు."

"ఒక్కటి కూడా?"

"శుభ్రంగా ఉండాలని తీసేసినా."

అతను లేచి ల్యాప్‌టాప్‌లో వెతికాడు. అతని దగ్గరున్నవీ నేను కత్తిరించి ఇచ్చినవే. నా ఫోనులో వెతికాం. పండగ వీడియోలు కొన్ని ఉన్నాయి, అందులో ఆమె నవ్వుతుంది, చేతులు ఊపుతుంది. అక్కకు పంపిన వాయిస్ మెసేజులు ఉన్నాయి, అందులో నేను "ఈయప్ప". నాకు పంపినవి లేవు. ఒకే ఇంట్లో ఉన్నవాడికి వాయిస్ మెసేజ్ ఎవరు పంపుతారు?

రెండు రోజుల తరువాత అబ్బాయి ఫోను చేశాడు.

"అన్నగారూ, కోపం తెచ్చుకోకండి. 'ఇంటికి'లోంచి 'ఇ' తీశానండి. 'దోసె'లోంచి 'దో' తీశాను. అతికించాను. వింటారా?"

విన్నాను. ఆమె గొంతే, కానీ ఆమె కాదు. మొదటి అక్షరం అక్కతో మాట్లాడుతోంది. రెండోది ఏదో తినాలనుకుంటోంది. మధ్యలో చిన్న ఎగుడు. అయినా పలకలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. "ఉప్పు" బటన్ తీసేసి అక్కడ పెట్టాను.

ఆమె నొక్కింది. పలక "ఇదో" అంది.

ఆమె భుజాలు కదిలాయి. ముందు ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. శబ్దం లేకుండా, మెడ మీద గుడ్డ ఎగిరిపడేలా నవ్వింది. నర్సు పరుగెత్తుకుంటూ వచ్చింది. నవ్వు ఆగాక ఆమె "నీ మొగం" నొక్కింది. తరువాత "నీళ్ళు" నొక్కింది, నన్ను పిలవడానికి.

అలా నా పేరు నీళ్ళయింది. అతుకు మాట తీసేసి మళ్ళీ ఉప్పు పెట్టాను.

ఇంటికి వచ్చాక పలక బాగానే పనిచేసింది. వేసవిలో వేడెక్కి ఒకటి రెండు సార్లు ఆగిపోయింది. వెనక నాలుగు చిల్లులు పెట్టాక ఆ ఇబ్బంది తగ్గింది. మామా చూడడానికి వచ్చినప్పుడు ఆమె "జేన్ మామా" నొక్కింది. మామా మళ్ళీ నొక్కమంది. మళ్ళీ విని, కళ్ళు తుడుచుకుని, ఇకనుంచి వంట వేరేవాళ్ళు చేస్తారు, నువ్వు పక్కన కూర్చుని చూడు చాలు అంది. నా భార్య మూడు నెలలకే మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడింది. వంటింట్లోంచి "నీళ్ళు" అని వినిపిస్తే నేను షెడ్డులోంచి వెళ్ళేవాణ్ణి. బియ్యం బస్తా మోయడానికి, మూత తీయడానికి, ఏమీ లేకపోయినా ఊరికే పిలవడానికి. నీళ్ళు కావలసివచ్చినప్పుడు రెండు సార్లు నొక్కేది. అది మేము పెట్టుకున్న లెక్క కాదు, అలా కుదిరింది.

సాయంత్రాలు అక్కతో ఫోను. అక్క మాట్లాడేది, ఆమె నొక్కేది. కొద్ది రోజులకే అక్క పట్టేసింది.

"ఏమే, దినమ్మూ 'తిన్నావా' అని ఒకే మాదిరి అడుగుతాండావు? తినుంటే ఒక మాదిరి, తినకుంటే ఒక మాదిరి అడగాల కదే."

ఆమె "నీ మొగం" నొక్కింది. అక్క అవతల పగలబడి నవ్వింది. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు దొరికిందని నేననుకున్నాను. అక్కతో ఎట్ల మాట్లాడేది అంటే, ఇట్ల.

రెండో చలికాలంలో జబ్బు తిరగబెట్టింది. ఇక చేసేదేమీ లేదని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. మాట్లాడడానికి అమర్చుతామన్నది అమర్చనేలేదు. ఆమె "ఇంటికి ఎప్పుడొస్తానో తెలీదు" బటన్ నొక్కి, తల అడ్డంగా ఊపింది. తెలుసు అని. పంపించమంది. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రెన్యువల్‌లో ఉంది, కాగితం చేతికి రావడానికి మూడు వారాలు పడుతుంది. కడప వెళ్ళే తెలిసినావిడ తోడు దొరికింది. ఆమె వెళ్ళింది, పలక ఒళ్ళో పెట్టుకుని. విమానాశ్రయంలో దాన్ని విప్పి చూపించమంటారేమోనని భయపడ్డాను. అడగలేదట.

పన్నెండో రోజు అల్ రాయ్‌లో, ఒక కార్ల షోరూము ముందు మామా కోసం ఎదురుచూస్తున్నాను. అక్క ఫోను చేసింది.

"ఏమబ్బా, ఈమెకేందో నాకు అర్థం కాలేదు. పొద్దస్తమానం నీళ్ళు నీళ్ళు అంటాది. తెచ్చిస్తే తాగదు. చెంబు పక్కన పెడితే కోపం. మళ్ళా నీళ్ళు అంటాది. రాత్రి గూడా అదే. దప్పికా, జరమా? డాక్టరును పిలిపించేదా?"

 అక్క రెండు సార్లు హలో అంది.

"అక్కా, ఫోను ఆమె చెవి దగ్గర పెట్టు" అన్నాను.

ఏదో గలగలమంది. ఊపిరి వినపడింది, మెడ దగ్గరి ఊపిరి. నాకు ఆ శబ్దం తెలుసు.

"ఉండా" అన్నాను. "ఈడనే ఉండా. వస్తాండా."

కాసేపటికి పలక పలికింది. "నీళ్ళు."

"ఆఁ" అన్నాను.

మళ్ళీ "నీళ్ళు".

"ఆఁ."

అలా ఎన్నిసార్లో గుర్తులేదు. మామా షోరూములోంచి వచ్చి కారు అద్దం మీద తట్టింది. నా ముఖం చూసి వెనక తలుపు తీయకుండా ముందు సీటులో కూర్చుంది. ఇంటికి కాకుండా నేరుగా ఇఖామా ఆఫీసుకు పోనిమ్మంది. కాగితాల పని ఆమె దగ్గరుండి చూసింది. మూడో రోజు నేను రాయచోటి బస్సులో ఉన్నాను.

నేను గుమ్మంలోకి రాగానే ఆమె నొక్కింది. అక్క చెంబు అందుకోబోయింది. "వద్దులే అక్కా, నన్నే" అన్నాను. అప్పుడు అక్కకు చెప్పాను. అక్క చెంబు కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళింది.

ఆ తరువాత ఆరు రోజులు ఉంది. చివరి రెండు రోజులూ వేలు లేవలేదు. నేను మంచం పక్కనే ఉన్నాను కాబట్టి పిలవాల్సిన పని కూడా లేకపోయింది.

తిరిగి కువైట్ వచ్చాక కోనసీమ అబ్బాయి ఒక మాట అడిగాడు. మనం మార్చినవన్నీ నెట్‌లో తిరిగి పెడదామా, తీసుకున్నప్పుడు ఇవ్వాలి కదండీ అన్నాడు. సరే అన్నాను. తరిగే పలకను కోసిన కొలతలు, లావు తీగ సంగతి, ఒత్తులు సరిచేసిన పద్ధతి రాశాం. ఆమె గొంతు ఇవ్వలేదు. వాడే విధానంలో ఒక వాక్యం నేను చేర్చమన్నాను. రోగి మిమ్మల్ని ఏమని పిలుస్తారో అది ముందు రికార్డు చేయండి, అది మాట కాదనిపించినా చేయండి అని. దాన్ని చదివి ఎవరో ఇద్దరు ముగ్గురు రాశారు. ఒకతను తన తల్లి కోసం చేసుకుంటున్నానన్నాడు. కొలతల్లో ఒక తప్పు చూపించాడు. సరిచేశాం.

మొదట్లో కొన్ని నెలలు ప్రతి శుక్రవారం పలకకు ఛార్జింగ్ పెట్టాను. తెర వెలిగేది, మొదటి పేజీ బటన్లు వచ్చేవి. కుడి మూలది నొక్కేవాణ్ణి కాదు. దాన్ని నొక్కితే నన్ను నేనే పిలుచుకున్నట్టు ఉంటుంది. వెలిగిన తెరను కాసేపు చూసి ఆపేసేవాణ్ణి. ఆ మాటల కాపీ తన దగ్గర ఉందని అబ్బాయి అంటాడు. ఎప్పుడు కావాలన్నా ఇస్తానంటాడు. ఉండనీ అన్నాను.

గది అదే. షెడ్డులో కారు మారింది. వంటింట్లో ఇప్పుడు శ్రీలంక ఆమె ఉంది. పని ఉంటే ఫోను చేస్తుంది, పేరు పెట్టి పిలుస్తుంది. పలక అలమారులో పుస్తకాల పక్కన ఉంది. లిథియం సెల్లు పూర్తిగా దిగిపోతే మళ్ళీ లేవదని నాకు తెలుసు. దానికి ఛార్జింగ్ పెట్టడం లేదు.